వెనక లైటు

బండి కింద అట్టపెట్టె విప్పి పరుచుకుని, వెల్లకిలా పడుకుని ఆయన తీగను క్లిప్పులోకి తోస్తున్నాడు. ఎడమచేతి వేళ్ళకు స్పర్శ పోయింది. తీగ కూర్చుందో లేదో కుడిచేత్తో తడిమి చూసుకోవాల్సి వస్తోంది. కాళ్ళు మాత్రం బయటికున్నాయి. మడమలు పగిలి, ఒక బొటనవేలికి నల్లటేపు చుట్టి ఉంది. లారీవాళ్ళంతా ఆయన్ను కరెంటు మామ అంటారు. వాళ్ళలో చాలామందికి ఆ కాళ్ళే గుర్తు, ముఖం కాదు.

“డాక్టరు మంచం దిగొద్దన్నాడు,” అన్నాడు కొడుకు గడపలో నిలబడి.

“పడుకునే ఉన్నాగదరా!”

బండి కూతురిది. పాత పికప్పు. మొగుడు వదిలేసిపోయాక చంటిదాన్ని చంకనేసుకుని పుట్టింటికొచ్చిన ఆమె, టోకు మార్కెట్టుకు కూరగాయలు తోలతానని కొనుక్కుంది. అక్కడ తెల్లవారకముందే లోడెత్తుతారు. వెనక్కి తీసేటప్పుడు దారి చూపే తెల్లటి వెనక లైటు లేని బండిని గేటు దాటనివ్వరు. రేపే మొదటి లోడు. ఈ పూట లైటు వెలగకపోతే బండి అమ్మించేయాలని గడపలోని అన్న కాచుకుని ఉన్నాడు. ఆమె భయం వేరు. ఇంజను చప్పుడు వింటే చాలు, పిల్ల పరుగెత్తుకొచ్చి బండి వెనకే నిలబడుతుంది.

ఆయన తీగను ఎప్పుడూ బిగించి లాగడు. క్యాబిన్‌కూ వెనక తొట్టికీ మధ్య కాస్త వదులుగా వంపు వదులుతాడు. గతుకుల్లో ఆ రెండూ దేనికది ఊగుతాయి. బిగువుగా ఉన్నది తెగిపోతుంది. కొడుకును మాత్రం చిన్నప్పట్నుంచీ బిగించే లాగాడు, అది వేరే సంగతి. లారీలకు కరెంటు పని చేస్తూ బతుకంతా ఒకరి షెడ్డులోనే గడిచింది. ఆయన వెలిగించిన లైట్లు ఏయే రోడ్ల మీద తిరుగుతున్నాయో గానీ, ఆయన మాత్రం సైకిలు దిగలేదు.

“నొక్కవే!”

కూతురు క్యాబిన్‌లో స్విచ్చి నొక్కింది. వెలగలేదు. మళ్ళీ నొక్కింది.

“అయిపోయిందా సంబరం?” అన్నాడు అన్న. “ఆయనకి చేతకావట్లేదు, నీకర్థం కావట్లేదు. అమ్మిపారేద్దాం.”

బండి కింద గోరుతో ఇనుము గీకిన చప్పుడైంది.

“ఎర్తు తీగ రంగు మీదే బిగించేశాను,” అన్నాడాయన కిందనుంచే. “రంగు గీకితేగానీ ఇనుము తగలదు. కొత్తగా చేరినవాళ్ళని ఇందుకే తిట్టేవాణ్ణి. వేళ్ళకి తెలియలేదురా! తెలియంది వేళ్ళకేగా, నాక్కాదు.”

ఆమె చీరకొంగు నడుముకు చుట్టి, గరుకు కాగితం పట్టుకుని కిందికి దూరింది.

“నీకెందుకే, మసి.”

“ఎక్కడ గీకాలో చెప్పు నాన్నా, చాలు.”

ఆయన ఆమె వేలు పట్టుకుని చోటు చూపించాడు. రంగు రాలి కంట్లో పడుతున్నా ఆమె ఇనుము మెరిసేదాకా గీకింది. బోల్టు ఆయనే బిగించాడు.

ఆమె పైకొచ్చి స్విచ్చి నొక్కింది. సంజె చీకట్లో పెరడంతా తెల్లబడింది. అద్దంలో తొట్టి వెనక నిలబడ్డ పిల్ల కనిపించింది. ముక్కు కారడం కూడా కనిపించింది. ఆమె ఒక్క ఉదుటున దూకి పిల్లను ఎత్తుకుంది.

“వెలిగింది నాన్నా! రా, చూద్దువుగాని.”

“కనపడుతోందిలే. ఆర్పకు, కాసేపుండనీ.”

ఆర్పలేదు. అన్నం వండి, పిల్లకు తినిపించి, ఆయన్ను పిలవడానికి వచ్చింది. కాళ్ళు అలాగే ఉన్నాయి. రెండుసార్లు పిలిచి, బొటనవేలు పట్టుకుంది. చల్లగా ఉంది.

మొదటి లోడు వేరేవాళ్ళకు పోయింది. మనిషిని మింగిన బండి, ఇంట్లో ఉంచొద్దన్నారు చుట్టాలు. కొనేవాణ్ణి తెచ్చాడు అన్న.

“తాళం నా బొడ్లో ఉంది,” అందామె. “తీసుకోమను చూద్దాం!”

మార్కెట్టుకు తనే ఫోను చేసి ఇంకో లోడు అడిగింది. లోడు దొరికిన తెల్లవారుజామున పిల్లను తన తల్లి ఒళ్ళో పెట్టి, లైటు వేసి, అద్దంలో వెనక్కి ఒకటికి నాలుగుసార్లు చూసి, బండి తీసింది. బండి వీధి మలుపు తిరిగేదాకా అమ్మమ్మ పిల్లచేయి ఊపిస్తూనే ఉంది.

బండి నిలిచిన చోట, విప్పి పరిచిన అట్టపెట్టె ఒకటి మిగిలింది. దాని నడుమ రెండు భుజాల వెడల్పున పడిన గుంట ఇంకా పూడలేదు.