అక్క అడిగే ప్రశ్నలు

ఆసుపత్రి టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆమె గొంతు తెలియని డాక్టరు లేడు. మొహం మాత్రం ఎవరికీ తెలియదు. ఆ పని మిషన్‌కి అప్పగించాక, యాభై దాటిన వయసులో మళ్ళీ ఉద్యోగాల వేటలో పడింది. పెళ్ళి చేసుకోలేదు. అమ్మ పోయాక ఇంట్లో నోరు విప్పే అవసరమే లేకపోయింది.

వేరే ఊళ్ళో ఉన్న అక్కకి మనవరాలితో ఊపిరి సలపదు. అయినా సంగతి తెలియగానే, "పిల్ల పడుకోగానే రోజూ ఫోన్ చేస్తా. ప్రశ్నలు నేనడుగుతా, జవాబులు నువ్వు చెప్పు," అంది.

మొదటిది ఒక కంపెనీ చేసిన ఫోన్ ఇంటర్వ్యూ. చేపపిల్లకి ఈత నేర్పాలా, అనాయాసంగా గట్టెక్కింది. కానీ ఆ కంపెనీవాళ్ళే తర్వాత వీడియో ఇంటర్వ్యూ అన్నారు. తెరమీద ప్రశ్న పడుతుంది, జవాబు రికార్డవుతుంది, అవతల మనిషి ఉండడు. ఊపిరిని బట్టే అవతలివాళ్ళు తొందరలో ఉన్నారో ఏడుస్తున్నారో పసిగట్టే మనిషి, ఆ నిశ్శబ్దానికి బెదిరిపోయి, "లైన్లో ఉన్నారా?" అనేసింది. ఆ ఉద్యోగం రాలేదు.

"తెరనా అడిగావు?" అక్క పడీ పడీ నవ్వింది. తనూ నవ్వింది, ఫోన్ పెట్టేసేదాకా.

తర్వాతిది బస్సుల కంపెనీ విచారణ కౌంటర్లో ఉద్యోగానికి. ఎదురుగా కూర్చుని ముగ్గురు ఆఫీసర్లు అడుగుతారట.

"కాళ్ళు ఊపకు, చిన్నప్పట్నుంచీ నీకా జబ్బుంది," అంది అక్క. "సరే, మీ బలహీనత ఏంటి?"

"నువ్వే చెప్పక్కా."

"నోరు తెరిచి ఎవర్నీ ఏదీ అడగవు. అక్కడ మాత్రం ఆ మాట అనకు, ఇంకో ఇద్దరి పని నీ నెత్తినే రుద్దుతారు."

ఇంటర్వ్యూ బాగానే జరిగింది. మర్నాడు మధ్యాహ్నం ఫోనొచ్చింది. సోమవారం నుంచి రమ్మన్నారు. అక్కకి చెబుదామని నంబరు నొక్కబోయి, ఆగిపోయింది.

సాయంత్రం అక్క అడిగితే, "ఇంకా ఏమీ చెప్పలేదక్కా," అంది.

"వాళ్ళ మొహం. ఇంకోటి చూద్దాంలే. ఇవాళ గ్రూపు చర్చ, ఆ నలుగురూ నేనే," అని అక్క నాలుగు గొంతులతో తనతో తనే పోట్లాడింది. ఆమెకి నవ్వీ నవ్వీ కళ్ళనీళ్ళొచ్చాయి.

మర్నాడూ అదే అబద్ధం. ఆదివారం అక్క గొంతు నీరసంగా వినిపించింది. పిల్లకి జ్వరమట, రాత్రంతా నిద్ర లేదట. అయినా అక్క ప్రశ్నలు మొదలుపెట్టబోతే ఆమెకి మనసొప్పలేదు.

"అక్కా, ఉద్యోగం వచ్చింది. మొన్ననే."

"మరి చెప్పవేంటే?"

"చెబితే రోజూ ఫోన్ చేయవుగా."

అవతల అక్క ఊపిరి ఒక్కటే వినిపిస్తోంది. ఆ ఊపిరి ఏమంటోందో ఈసారి ఆమెకి అంతు చిక్కలేదు. ఇంతలో పిల్ల ఏడుపు అందుకుంది.

"ఉండవే, మళ్ళీ చేస్తా," అంది అక్క కంగారుగా.

ఆమె ఫోన్ ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. మోగలేదు. లేచి, సోమవారానికి చీర ఇస్త్రీ చేసుకుంది.