స్టేట్ లైన్ రోడ్డుకి ఇవతల

గాజుగ్లాసు బోర్లించి పిండిని గుండ్రంగా కోసి, నడుమ బంగాళదుంప ముద్ద పెట్టి, కజ్జికాయలా మడిచి అంచు నొక్కుతోంది బెర్నిస్. కీళ్లవాతానికి బొటనవేలు పక్కకి వంగిపోయింది. ఆ వంకర వల్లే ఆమె చేసిన పిరోగీ ఉడికే నీళ్లలో విచ్చుకోదని చర్చి వంటింట్లో ఆడవాళ్లు అంటారు. శుక్రవారం అమ్మకానికి గంపలకొద్దీ కావాలి.

"నోట్లో పిండి కుక్కుకున్నావేమిటే?" అంది ఎదురుగా ఉన్న ఫ్లారెన్స్.

బెర్నిస్ తలెత్తలేదు. తన పెన్షన్ సంగతి పన్నులవాళ్లకి చేరవేసింది ఫ్లారెన్సేనని ఆమె అనుమానం. ఇంకెవరికి తెలుసు గనక?

ఆమె వయసంతా ఇల్లినాయ్ వైపు బడి వంటశాలలో పళ్లాలు కడగడంతోనే గడిచింది. అక్కడ పెన్షన్ మీద పన్ను లేదు. కొడుకు గ్లెన్‌ని తాగుడు మాన్పించే వసతిగృహంలో చేర్చాక, వాడికి దగ్గరగా ఉండాలని రెండు రాష్ట్రాలకీ సరిహద్దైన స్టేట్ లైన్ రోడ్డు దాటి, ఇండియానా వైపు ఎదుటి వరసలోకి మారింది. అదే చర్చి, అదే మాంసం కొట్టు. కిటికీ తెరిస్తే పాత ఇల్లే కనిపిస్తుంది. రోడ్డు దాటినంత మాత్రాన ఇండియానా చట్టం తన నెత్తిన పడుతుందని ఆమెకి తట్టలేదు. ఇప్పుడు ఇన్నేళ్లదీ వడ్డీతో సహా అడుగుతున్నారు. పెన్షన్‌లో కోత పడితే ఆ వసతిగృహంలో గ్లెన్ మంచానికి డబ్బు కట్టలేకపోతుంది. కిందటిసారి బయటికొచ్చినప్పుడు వాడు మంచులో పడి దొరికాడు. అప్పటినుంచీ ఫోను మోగితే చాలు, వాడు పోయాడనే చెబుతారనుకుంటుంది.

ఆ మధ్యాహ్నం పన్నుల ఆఫీసులో గుమాస్తా అమ్మాయిని ఆమె ఒక్కటే అడిగింది, నా మీద చెప్పిందెవరని.

"ఎవరూ చెప్పలేదమ్మా. పెన్షన్ ఇచ్చేవాళ్లు ఏటా కేంద్రానికి లెక్క పంపుతారు. అందులో మీ ఈ ఊరి చిరునామా ఉంది. కేంద్రం మాకు పంపింది. పన్ను కట్టినవాళ్లలో మీ పేరు లేదని కంప్యూటరు పట్టుకుంది."

"మనిషెవరూ లేరా?"

"లేరమ్మా."

మనిషైతే బతిమాలుకునేది. నెలనెలా కొంచెం కొంచెం కట్టొచ్చని ఆ అమ్మాయి దయగానే చెప్పింది. ఆ కొంచెమే గ్లెన్ మంచం.

బస్సు కోసం నిలబడి ఫ్లారెన్స్‌కి ఫోన్ చేసింది.

"రేపు నీ పక్కనే కూర్చుంటానే."

"అలక తీరిందా మహారాణికి? సరేలే, త్వరగా రా."

పక్క కొట్టులో గ్లెన్‌కి ఉన్ని మేజోళ్లు కొంది. వాడి కాళ్లెప్పుడూ చల్లగా ఉంటాయి. బస్సెక్కి కిటికీ పక్క సీట్లో తల ఆనించింది. చివరి స్టాపులో డ్రైవరు వచ్చి భుజం తట్టాడు. మళ్లీ తట్టాడు. ఒళ్లు చల్లబడిపోయి ఉంది. తర్వాత టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

పెన్షన్ ఆమెతోనే ఆగిపోయింది. గ్లెన్ మంచం నెలాఖరుకి ఇంకొకరికిచ్చేశారు. వాడెటు పోయాడో ఫ్లారెన్స్‌కి కూడా తెలియలేదు.

బస్సు డిపోలో, జనం మరిచిపోయిన వస్తువులు పడేసే పెట్టెలో, ఊదారంగు మేజోళ్ల జత ధర చీటీ తెంపకుండా అలాగే ఉంది.