గీయని గీతలు

ఆల్గోయ్ కొండల్లోని మా కంపెనీ పాలు పితికే యంత్రాలు తయారుచేస్తుంది. ఇరవై ఆరేళ్లుగా వాటి సాఫ్ట్‌వేర్ కోర్బీనియన్ హస్లింగర్ రాశాడు. ఒక్కో రైతుకు ఒక్కో నకలు తీసి, కావలసిన చోట మార్చి ఇచ్చేవాడు.

నిరుడు ఊస్టర్మన్ మేడమ్ పైఅధికారిగా వచ్చింది. గోడ నిండా తెర పెట్టించి, దాని మీద చెట్టులా కొమ్మలు చీలిన బొమ్మ గీయించసాగింది. యంత్రం చేయగల ప్రతి పనికీ ఒక పెట్టె. ఇది ఉంటే అది తప్పదు, ఈ రెండూ కలవకూడదు అని పెట్టెల మధ్య గీతలు. రైతు కోరిన పెట్టెలు ఎంచితే చాలు, సాఫ్ట్‌వేర్ ముక్కలు వాటంతటవే అతుక్కుంటాయి.

బొమ్మ పూర్తయిన రోజున కోర్బీనియన్ ఇంటికి. ఆ మాట ఆమె అతని మొహం మీదే అంది. అప్పటినుంచి అతను అడిగినదానికి తప్ప నోరు విప్పలేదు.

పరీక్షలు చేసే పని నాది. అక్టోబరులో ఒక గొర్రెల రైతు ఆర్డరు వచ్చింది. పితకడం అవగానే గొట్టాలు వాటంతటవే కడుక్కోవాలన్నాడు. ఏ గీతా అడ్డురాలేదు, బొమ్మ పచ్చగా వెలిగింది. మా దగ్గర పచ్చ వెలిగితే ఇక ఎవరూ ఏమీ అడగరు. తొమ్మిదింటికి రొట్టెలు తినే వేళ ఆ ఆర్డరు కాగితం బల్ల మీద చేతులు మారింది. కోర్బీనియన్ చూశాడు. దవడ ఆగింది. మళ్లీ నమలసాగాడు.

"ఏంటి కోర్బీ, ఇందులో ఏమైనా ఉందా?" అడిగాను.

"నన్నెందుకు అడుగుతావ్ మాగ్నుస్? గోడనడుగు. అది పెద్ద చదువులు చదివింది."

"గొర్రెలేం పాపం చేశాయి?"

"నేనేం చేశాన్రా?"

పాలకు బదులు నీళ్లు, కడిగే మందుకు బదులు నీలిరంగు పోసి యంత్రం నడిపాను. గొర్రెల యంత్రంలో పితికే వరుసలు రెండు. మొదటి వరుస అవగానే కడగడం మొదలైంది, రెండో వరుస ఇంకా పితుకుతోంది. రెండు ముక్కలూ ఒకే వాల్వును తిప్పుతున్నాయి. చివర అతికినదాని మాటే చెల్లింది. పాలతొట్టి నీలమైపోయింది.

ఊస్టర్మన్ వచ్చింది. "ముక్కలు అతికే క్రమం మార్చు."

మార్చాను. ఈసారి కడిగే నీళ్లే రాలేదు.

ఆమె వెనక నిలబడి చూస్తున్న కోర్బీనియన్ వైపు తిరిగింది. "ఇది మీకు తెలుసు కదా, హస్లింగర్ గారూ?"

"తెలుసు."

"మరి చెప్పలేదేం? జనం తాగే పాలవి!"

"అందుకే గొర్రెలవాళ్లకు అది ఎప్పుడూ అమ్మనివ్వలేదు. మీరు అడగలేదు."

గొర్రెల పెట్టె, కడిగే పెట్టె కలవకూడదని ఆమె వాటి మధ్య ఎర్రగీత గీసింది. "ఇంకేమైనా ఉన్నాయా?"

"బొమ్మ పూర్తయిందని నిన్న మీరేగా అన్నారు."

"పూర్తయింది," అంది పళ్లు బిగించి.

మధ్యాహ్నానికి అతనికి ఉత్తరం అందింది, రేపటినుంచి రానక్కర్లేదని. కోటు తొడుక్కుంటూ నా వైపు చూశాడు.

"నా తలలో ఇలాంటి గీతలు మూడుండేవి. ఒకటి నువ్వు లాగేశావు."

"మిగతా రెండూ చెప్పి వెళ్లు."

"నా పొట్ట కొట్టి, ఇంకా అడుగుతున్నావా? వెతుక్కో."

పైకెళ్లి మేడమ్‌కు చెప్పాను.

"బెదిరిస్తున్నాడు. అన్నీ పచ్చగానే ఉన్నాయి. సోమవారం పంపే యంత్రాలకు సంతకం పెట్టు."

"పెట్టను."

"అయితే అతని వెనకే నువ్వూ వెళ్లొచ్చు."

వెళ్లలేదు, సంతకమూ పెట్టలేదు. కాగితాలు ఆమె బల్ల మీదే వదిలేసి కిందికి దిగాను. నూట నలభై పెట్టెలు. రెండేసి కలిపితే తొమ్మిది వేల ఏడు వందల ముప్పై జతలు. మొదటి జతను పరీక్షకు యంత్రంలో ఎక్కించాను. పక్క బల్ల దగ్గరివాళ్లు తమ కుర్చీలు నాకు దూరంగా జరుపుకున్నారు.