ఇరవయ్యో తారీఖు దయ్యం

డిసెంబరులో బట్టలు ఒక పట్టాన ఆరవు. పొద్దున మేడమీద ఆరేసినవి సాయంత్రం దించుకొచ్చి, కుర్చీల వీపుల మీదా తలుపుల మీదా కిటికీ ఊచల మీదా పరిచి, మర్నాడు మళ్ళీ పైకి మోసుకెళ్ళాలి. "ఇల్లా, బట్టల కొట్టా ఇది?" అంటారు మా ఆయన, తలుపు మీది తన చొక్కానే పక్కకు తోసుకుంటూ. నాకు మాత్రం ఆ తడిబట్టల బకెట్టు పుణ్యమా అనే మేడమెట్లు దక్కాయి. పైనుంచి మూడో మెట్టు మీద కూర్చుంటే కిందివాళ్ళకి కనిపించను. బట్టలు ఆరేయడానికి పావుగంట పడుతుందని ఇంట్లో అందరి నమ్మకం. నాకు ఏడు నిమిషాలు చాలు. మిగిలిన ఎనిమిది నిమిషాలూ నావి.

ఆ ఎనిమిది నిమిషాల్లో నేను దయ్యాల కథలు చదువుతాను, రాస్తాను. ఫోన్లో మాదొక గ్రూపుంది. అరవై మందిమి, దయ్యాల కథలంటే చెవి కోసుకునేవాళ్ళం. ఒకరి ముఖం ఒకరికి తెలియదు. నడిపేది ఒక లైబ్రేరియన్, అందరం అక్కా అంటాం. గడియారాలు బాగుచేసే పెద్దాయన ఒకరున్నారు, ఆయన అందరికీ తాత. అక్కడ నా పేరు మూడోమెట్టు. క్రిస్మస్ నెల వస్తే చాలు, మాకు కాళ్ళు నేలమీద ఆనవు. ఒకటో తారీఖు నుంచి ఇరవై అయిదు దాకా రోజుకో కథ. అక్క చీటీలు తీసి తారీఖులు పంచుతుంది, రాసిందెవరో పండగ రోజు దాకా చెప్పదు. చదివినవాళ్ళు బాగుందనీ బాగాలేదనీ అనకూడదు. ఏ వాక్యం దగ్గర వెన్నులో చలి పుట్టిందో ఆ వాక్యాన్ని మాత్రం తిరిగి రాసి పెట్టాలి. ఎక్కువ మందికి చలి పుట్టించిన కథ ఆ ఏటి కథ. దాన్ని రాసినవాళ్ళు పండగనాడు ఒకే ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పాలి.

నాలుగేళ్ళలో నాకు తిరిగొచ్చినవి మూడంటే మూడు వాక్యాలు. ఈసారి గెలవాలని ఉంది. చెప్పుకోవడానికి సిగ్గే గానీ, పెళ్ళయ్యాక నేను నాకోసం గట్టిగా కోరుకున్నది ఇదొక్కటే. కథ కూడా సిద్ధం, తలలో. ఒక ఆస్పత్రి లిఫ్టు, మీటల్లో లేని అంతస్తులో ఆగుతుంది. తలుపు తెరుచుకుంటే అవతల అదే లిఫ్టు, లోపల అదే మనిషి. ఏడాది పొడుగునా గిన్నెలు తోముతూ దాన్ని కట్టుకున్నాను, ఏ మాట తర్వాత ఏ మాటో కూడా తెలుసు. కాగితం మీద పెట్టడమే మిగిలింది. చీటీలో నాకు ఇరవయ్యో తారీఖు వచ్చింది. ఇరవై రోజులు చాలవా అనుకున్నాను, పిచ్చిదాన్ని.

మొదటి వారం అత్తగారి మోకాలు వాచింది. రెండో వారం ఆయన స్నేహితులు భోజనానికొచ్చారు, "ఏముంది, పదిమందే కదా" అన్నారాయన. నేను పనిచేసే కళ్ళజోళ్ళ షాపులో క్రిస్మస్ చెట్టు అలంకరించే పని నా మెడకే చుట్టుకుంది. "ఆడవాళ్ళ చెయ్యి పడితే ఆ అందమే వేరండీ" అన్నాడు మేనేజరు. ఆ అందానికి మూడు మధ్యాహ్నాల తిండి విరామం ఖర్చయింది. మెట్టు మీది ఎనిమిది నిమిషాలూ అత్తగారి పిలుపులకే సరిపోయాయి. నిచ్చెన మీద నిలబడి చెట్టుకు నక్షత్రాలు కడుతుంటే నా లిఫ్టు అంతస్తు తర్వాత అంతస్తు కిందికి దిగిపోతున్నట్టనిపించింది.

ఇరవయ్యో తారీఖు మధ్యాహ్నం వెనకగదిలో అద్దాలు తుడుస్తున్నాను. లైట్లు ఆరిపోయాయి, షట్టర్ దిగిన చప్పుడైంది. మేనేజరు భోజనానికి వెళ్తూ తాళం వేసుకుపోయాడు. కొట్టాను, పిలిచాను, ఫోన్ చేశాను. అతను ఎత్తలేదు. చీకట్లో ఖాళీ కళ్ళజోళ్ళ మధ్య కూర్చున్నాక తట్టింది, అతను తినొచ్చేదాకా నన్ను పిలిచేవాళ్ళు లేరని. నలభై నిమిషాలు! ఏడాదిలో నాకు దొరికిన పెద్ద తీరిక అదే. తీరా లిఫ్టు కథ మొదలుపెడితే ఒక్క మాట రాలేదు. నిద్రలేక తల మొద్దుబారిపోయింది. సాయంత్రంలోగా ఏదో ఒకటి పంపకపోతే నా తారీఖు ఖాళీగా పోతుంది. ఏం చెయ్యాలో తోచక, పొద్దున లేచిన దగ్గర్నుంచీ జరిగింది జరిగినట్టు రాశాను. పాత్ర పేరు 'ఆమె' అని పెట్టాను, అంతే. ఒక్క ముక్క కల్పించలేదు. ఆఖర్న, ఇది కథ కాదు, టైము దొరకలేదు, మన్నించండి అని రాయబోతుండగా షట్టర్ లేచింది. కంగారులో ఉన్నది ఉన్నట్టు పంపేశాను.

"మీరున్నారా లోపల? ఎవరూ లేరనుకున్నానండీ" అన్నాడు మేనేజరు, పళ్ళు కుట్టుకుంటూ.

సాయంత్రం మెట్టు మీద కూర్చుని భయపడుతూ ఫోన్ తెరిచాను. వాక్యాలు వరసగా వస్తున్నాయి.

"గదిలో ఎవరూ లేనప్పుడు లైటెందుకు దండగ, అంటూ ఆయన స్విచ్ ఆపాడు. ఆమె ఆ చీకట్లోనే మిగతా దుప్పట్లు మడతపెట్టింది." దీన్ని పదకొండు మంది తిరిగి రాశారు.

"ఇంట్లో ఎవరున్నారే, నేనొక్కదాన్నే, అంది ముసలావిడ ఫోన్లో కూతురితో. ఆమె ముసలావిడ మోకాలికి మందు రాస్తూనే ఉంది." ఇది తొమ్మిది మంది.

ఆమె లోపలుండగానే షట్టర్ దించేసిన వాక్యాన్ని ఎంతమంది తిరిగి రాశారో లెక్కే లేదు. తాత నియమం కూడా మరిచిపోయి, "చచ్చిందని ఆమెకి తెలియదు చూశారా, అక్కడుంది అసలు భయం" అని రాశాడు. ఇంకెవరో, "దయ్యం అన్న మాట ఒక్కసారి కూడా వాడకుండా ఎంత బాగా దాచారో" అన్నారు. నేనేమీ దాచలేదు మొర్రో అని అరవాలనిపించింది. గెలుస్తున్నానని తెలుస్తూనే ఉంది, సంతోషం మాత్రం రాలేదు. కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. అరవై మంది తెలివైనవాళ్ళు నా పొద్దుటిపూట చదివి, ఇందులో మనిషి బతికి లేదని తేల్చారు. ఒక్కరికైనా అనుమానం రాలేదు.

పండగ రోజు సెలవు. ఆడపడుచు కుటుంబంతో భోజనానికి వచ్చింది. అందరూ బల్ల చుట్టూ సర్దుకున్నాక ఫోటో తీశాను. "అందరూ పడ్డారా?" అన్నారాయన. "ఆ, అందరూ" అన్నాను. వడ్డిస్తుండగా ఆయన ఫోన్ తీసి, "ఆఫీసులో ఎవరో పంపారు, దయ్యం కథ, వినండి, భలే ఉంది" అని చదవడం మొదలుపెట్టారు.

మొదటి వాక్యానికే నా చేతిలో గరిటె ఆగిపోయింది. ఆయన మాటల్ని ఆయన గొంతుతోనే వింటున్నాను. లైటు వాక్యం దగ్గరికొచ్చారు. ఇక్కడ ఆగుతారు, తలెత్తుతారు అనుకున్నాను. పదహారేళ్ళ కాపురంలో ఆ చూపు కోసం అంత గట్టిగా ఎప్పుడూ కాచుకోలేదు. ఆగారు నిజమే. నీళ్ళు తాగి మళ్ళీ చదివారు. అయిపోయాక, "ఎవడో గానీ భలే రాశాడు" అన్నారు.

"ఇంట్లో మనిషి పోతే తెలీదటమ్మా? ఏం మనుషులో ఏమో, రాతి గుండెలు" అని అత్తగారు కళ్ళు ఒత్తుకున్నారు. ఆవిడ మోకాలికి పొద్దున నేను రాసిన మందు వాసన ఇంకా బల్ల దాకా వస్తోంది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. రచ్చ గెలిచినవాళ్ళు ఇంట్లో ఎలా గెలవాలో ఎవరూ చెప్పలేదు.

మా అమ్మాయి ఒక్కతే తినడం ఆపింది. పధ్నాలుగేళ్ళది. దుప్పట్లు మడతపెట్టిన ఆ చీకటి గది దాని గదికి ఎదురుదే, ఆ వేళప్పుడు అది తలుపు తీసి ఉంచి మంచం మీద మెలకువగానే ఉంది. నా వంక చూసింది. చూసి, తెలుసుకుంది. ఆ సంగతి నాకు ఎంత స్పష్టంగా తెలిసిందంటే, ఒళ్ళంతా ఒక్కసారి వెచ్చబడింది. ఏదో అనడానికి నోరు తెరిచింది కూడా. మళ్ళీ మూసుకుని, పళ్ళెంలోకి తల దించేసింది.

"ఏమే, భయమేసిందా?" అని నవ్వారాయన.

"ఊఁ" అంది.

గిన్నెలు తోమి, బకెట్టు తీసుకుని మెట్టెక్కాను. అక్క పేరు ప్రకటించేసింది, ఈ ఏటి కథ మూడోమెట్టుది. శుభాకాంక్షలు కుప్పలు తెప్పలుగా వచ్చి పడ్డాయి. అడగాల్సిన ఒక్క ప్రశ్న తాతది. "దయ్యాలకి తలుపులు అడ్డం కాదు కదమ్మా. ఎక్కడికైనా పోవచ్చు. మరి ఆమె ఇంకా ఆ ఇంట్లోనే ఎందుకుంది?"

అరవై మందీ ఎదురుచూస్తున్నారు. కూతురి కోసం అని రాసి కొట్టేశాను. ప్రేమ అని రాసి, అది అబద్ధమని కొట్టేశాను. ఎక్కడికి పోవాలో తెలియక అని రాశాను, అదీ తీసేశాను. ఎనిమిది నిమిషాలు అయిపోవచ్చాయి.

కింద అడుగుల చప్పుడైంది. మా అమ్మాయి మలుపు దాకా వచ్చి నిలబడింది. ఇన్నేళ్ళలో నన్ను వెతుక్కుంటూ మెట్లెక్కి వచ్చినవాళ్ళు ఎవరూ లేరు. ఫోన్ పక్కన పెట్టేశాను. అది నా ముఖం కేసి చూడలేదు, బకెట్టు కేసి చూసింది.

"అమ్మా, సాయంత్రం ఫ్రెండ్స్‌తో బయటికెళ్ళాలి. నా తెల్ల చొక్కా ఆరిందా?"

"లేదమ్మా, ఇంకా లేదు."

"ఇస్త్రీ చేస్తే ఆరిపోతుందేమో చూడవా?" అంటూ వెళ్ళిపోయింది.

దాని అడుగుల చప్పుడు ఆగేదాకా విని, ఫోన్ తీసి జవాబు పంపాను. "బట్టలు ఇంకా ఆరలేదు."