శుక్రవారం మాట

ఏజెన్సీ నర్సుకి పేరుండదని దమయంతికి ఎవరూ చెప్పలేదు. ఆసుపత్రులకి తాత్కాలికంగా నర్సుల్ని పంపే ఆ కంపెనీ వాళ్ళు కాంట్రాక్టు ఆరు వారాలన్నారు, ఐర్లండ్ పడమటి వైపు కాజిల్‌బార్ ఊరు దాటాక చిన్న ఆసుపత్రి అన్నారు, అద్దెకి ఒక గది చూపించారు. మంగళవారం పొద్దున సూట్‌కేసు ఆ గదిలో పడేసి వార్డుకి వెళితే లోపలినుంచి ఎవరో "ఏజెన్సీ వచ్చిందా?" అని అడిగారు. వచ్చింది తనే. గుంటూరులోనూ, తర్వాత డబ్లిన్‌లోనూ ఇన్నేళ్ళూ సిస్టర్ అనిపించుకున్న మనిషి ఒక్క పూటలో ఎక్కడినుంచో తెప్పించిన సామానైపోయింది. ఒళ్ళు మండింది గానీ, మొదటిరోజే మండితే ఎలాగని నవ్వు మొహం పెట్టుకుంది.

వార్డు మేనేజరు నోరా చెడ్డదేం కాదు. కాకపోతే చేతిలో కప్పు చల్లారేలోపే ఆరుగురు పేషెంట్లనీ, మందుల తాళాలనీ అప్పజెప్పేసి, "నీకు అనుభవం ఉందిగా" అని వెళ్ళిపోయింది. డబ్లిన్‌లో పర్మనెంటుగా చేరినప్పుడు వారాల తరబడి పక్కన ఒకరు నిలబడి అన్నీ చూపించారు. ఇక్కడ దుప్పట్లు ఎక్కడుంటాయో కూడా చెప్పే దిక్కు లేదు. ఊరూరా తిరిగే ఉద్యోగం అంటే ఇదన్నమాట అనుకుంది దమయంతి, తనని తానే తిట్టుకుంటూ.

చివరికి దుప్పట్ల అలమారా చూపించింది కిటికీ పక్క మంచం మీదున్న పేషెంటు. పేరు జాన్ జో మోరన్. ఎనభై దాటిన రైతు, పెళ్ళి చేసుకోలేదు, చెల్లెలు బ్రైడీతో కలిసి ఊరి బయట ఉంటాడు. ఊపిరితిత్తుల క్యాన్సరు. చార్టు చూడగానే దమయంతికి అర్థమైంది, ఇక రోజుల్లోకి వచ్చేసిందని.

సాయంత్రం బ్రేకులో డబ్లిన్ శివారు బ్లాంచర్డ్స్‌టౌన్‌లో ఉన్న ఇంటికి ఫోన్ చేసింది. ఎనిమిదేళ్ళ కూతురు సహస్ర ఎత్తింది. ఆ పిల్లకి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఐరిష్ యాసలో ఇంగ్లీషే.

"వెన్ ఆర్ యూ కమింగ్ హోమ్, మామ్?"

"శుక్రవారం వచ్చేస్తాగా బంగారం."

డ్యూటీల పట్టిక ఇంకా చూడనే లేదు. అయినా పిల్లకి అలా చెప్పక ఇంకెలా చెబుతారు?

తిరిగి వార్డులోకి రాగానే జాన్ జో కూడా అదే అడిగాడు. "నర్స్, నేను ఇంటికెప్పుడు వెళతాను?"

గుంటూరులో ఈ ప్రశ్న వినని రోజు లేదు. చావుబతుకుల్లో ఉన్నవాళ్ళే ఎక్కువ అడిగేవాళ్ళు. అక్కడ డాక్టరు కొడుకుని వరండాలోకి పిలిచి అసలు సంగతి చెబుతాడు. కొడుకు కళ్ళు తుడుచుకుని లోపలికొచ్చి నవ్వుతాడు. నర్సు దిండు సర్ది, ఏం కాలేదు పెద్దాయనా, రెండ్రోజుల్లో ఇంటికెళ్ళిపోతావు అంటుంది. ఆ మాటని ఎవరూ పట్టించుకోరు, మాత్రతో పాటు ఇచ్చే మంచినీళ్ళలా అదీ ఇస్తారు.

"శుక్రవారం కల్లా ఇంట్లో ఉంటారు," అంది దమయంతి దిండు సర్దుతూ.

జాన్ జో ఆమెని కాసేపు చూశాడు. "శుక్రవారం. గ్రాండ్," అని, సరేననడానికి ఇక్కడివాళ్ళు వాడే మాట అనేసి కళ్ళు మూసుకున్నాడు.

బుధవారం పొద్దున వార్డు గుమ్మంలోనే దమయంతి కాళ్ళు ఆగిపోయాయి. జాన్ జో నున్నగా గడ్డం గీయించుకుని కూర్చుని ఉన్నాడు. పక్కన ఒక ముసలావిడ సంచిలోంచి ఇస్త్రీ చొక్కా, టై తీసి మంచం మీద పరుస్తోంది. ఆవిడే బ్రైడీ. దమయంతిని చూడగానే వచ్చి రెండు చేతులూ పట్టుకుంది.

"శుక్రవారం అని చెప్పింది నువ్వేగా అమ్మా? అన్నయ్య ఫోన్ చెయ్యగానే నిన్న రాత్రే మంచం కింది గదిలోకి దించాం. పక్క పొలం వాళ్ళు గోడలకి రంగు వేస్తున్నారు. కుక్కని ఇన్నాళ్ళూ వాళ్ళింట్లో ఉంచాం, దాన్నీ తెచ్చేసుకున్నాం."

 దమయంతి ఊరికే అన్న ఒక్క మాటకి అక్కడ గోడలకి రంగు వేస్తున్నారు.

నోరా ఆమెని గదిలోకి పిలిచి తలుపు వేసింది. "ఆయనకి శుక్రవారం అని ఎవరు చెప్పమన్నారు?"

"ఎవరూ చెప్పమనలేదు. ధైర్యం కోసం అన్నాను."

"ధైర్యమా? తను చనిపోతున్నానని ఆయనకి తెలుసు. డాక్టరు ఎదురుగా కూర్చుని చెప్పారు."

"ఆయనకేనా? మొహం మీదే చెప్పారా?"

"మరెవరికి చెబుతారు? చచ్చిపోయేది ఆయనేగా."

 ఇన్నేళ్ళ ఉద్యోగంలో దమయంతి ఇంత మాట ఇంత మామూలుగా ఎవరూ అనగా వినలేదు. డబ్లిన్‌లో ఆమె పనిచేసింది ఆపరేషన్ థియేటరులో, మత్తులో ఉన్న మనుషుల మధ్య. ఇలాంటి మాటలు ఆమెదాకా వచ్చేవే కావు.

"ఇంటికి పంపడం కుదరదని కూడా చెప్పాం," అంది నోరా. "చివరి రోజుల్లో ఉన్నవాళ్ళని చూసుకునే హాస్పీస్ నర్సు పగలు ఇంటికెళ్ళి మందులిస్తుంది. రాత్రుళ్ళు ఉండటానికే మనిషి దొరకలేదు. బ్రైడీకి ఓపిక లేదు. ఇక్కడే పోతానని ఏడ్చి ఏడ్చి ఒప్పుకున్నాడు. నువ్వొచ్చి దాన్నంతా చెడగొట్టావు. వెళ్ళి కుదరదని నువ్వే చెప్పు. ఏజెన్సీకి ఫోన్ చేసి నిన్ను పంపించెయ్యాలో వద్దో తర్వాత చూస్తాను."

ఏ మొహం పెట్టుకుని చెప్పాలో తెలియక దమయంతి మంచం దగ్గర నిలబడింది. బ్రైడీ టీ తేవడానికి వెళ్ళింది.

"మిస్టర్ మోరన్, నిన్న నేను అన్న మాట..."

"నేను చచ్చిపోతున్నానని నాకు తెలుసమ్మాయ్. నేనడిగింది అది కాదుగా. ఇంటికెప్పుడని అడిగాను," అన్నాడు జాన్ జో. "రాత్రికి మనిషి దొరకలేదని వీళ్ళు ముందే చెప్పారు. అంతలో నువ్వొచ్చావు. ఏజెన్సీ నర్సువి, కొన్ని వారాల కోసమే వచ్చావన్నారు. అయితే రాత్రుళ్ళు మా ఇంట్లో ఉండటానికి నాకోసమే తెప్పించారనుకున్నాను."

 తనని సామాను చేశారని దమయంతి నిన్నంతా ఉడుక్కుంది. ఈయనేమో ఆమెని తన కోసమే వచ్చిన మనిషి అనుకుని నిద్రపోయాడు. కుదరదనే మాట చెప్పకుండానే అక్కణ్ణించి కదిలింది. తిన్నగా నోరా గదికి వెళ్ళి, గోడమీదున్న డ్యూటీల పట్టిక చూసింది. శుక్రవారం నుంచి ఆదివారం దాకా తనకి సెలవు.

"రాత్రుళ్ళు నేనుంటాను."

 "మందులు హాస్పీస్ వాళ్ళు చూసుకుంటారు. నువ్వు అక్కడ నర్సువి కాదు, వాళ్ళింటికొచ్చిన చుట్టానివి. తెలిసిందా?" అని నోరా హాస్పీస్ వాళ్ళకి ఫోన్ కలిపింది.

సాయంత్రం ఫోన్లో భర్త రాజగోపాల్ విసుక్కున్నాడు. "ఏంటి దమయంతీ, వెళ్ళిన మొదటి వారమే రానంటావు? పిల్ల ఎదురుచూస్తోంది. ఏం చెప్పమంటావు?"

"నేనే చెబుతానండీ, దానికివ్వండి." సహస్ర ఫోన్ తీసుకున్నాక చెప్పింది. "నేను ఈ శుక్రవారం రానమ్మా. నిన్న తెలియకుండానే చెప్పేశాను."

 "ఓకే. యూ కుడ్ హావ్ జస్ట్ సెడ్, మామ్."

పిల్ల ఏడుస్తుందనుకుంది. ఏడవలేదు. దానికన్నా ఇదే దమయంతిని ఎక్కువ కుదిపేసింది.

శుక్రవారం మధ్యాహ్నం అంబులెన్సు జాన్ జోని ఇంటికి చేర్చింది. కింది గదిలో కొత్త రంగు వాసన ఇంకా పోలేదు. చలిపొయ్యిలో పీట్ అనే ఎండుమట్టి గడ్డలు కాలుతున్నాయి, కుక్క వచ్చి మంచం కింద పడుకుంది. బ్రైడీ వంటింట్లోనే తిరుగుతోంది. ఇరుగుపొరుగు వస్తారని కెటిల్ మీద కెటిల్ పెడుతూనే ఉంది.

దమయంతి దుప్పటి సర్దుతూ ఆయన పాదాలు చూసింది. మోకాళ్ళ దాకా చల్లబడి, చర్మం మీద ఊదారంగు మచ్చలు తేలాయి. ఊపిరి మధ్యమధ్య ఆగి, మళ్ళీ అందుకుంటోంది.

"చూశావుగా," అన్నాడు జాన్ జో. "ఇంకెంత?"

ఏం కాలేదు పెద్దాయనా, అనే మాట అలవాటుగా నాలుక మీదికి వచ్చింది. దమయంతి దాన్ని మింగేసింది.

"డాక్టరు వారాలన్నాడు," అన్నాడాయన. "నువ్వు ఏ రోజో పేరు పెట్టి చెప్పే మనిషివి. చెప్పు."

"ఆదివారం," అంది దమయంతి. అన్నది తనేనా అని తనకే భయం వేసింది.  "ఆదివారం దాటకపోవచ్చు."

జాన్ జో ఆ మాటని శుక్రవారం మాటని విన్నట్టే విన్నాడు.

"ఆదివారం. గ్రాండ్," అన్నాడు. తర్వాత వంటింటి వైపు చూశాడు. "అయితే బ్రైడీని పిలువమ్మాయ్. ఇక టీ పెట్టడం ఆపి నా దగ్గర కూర్చోమను."