ఇగ దిగుత బిడ్డా

ఒక్క మాట దగ్గర డాక్టర్ భవ్య చదువంతా చతికిలబడింది. చావు దగ్గరపడ్డవాళ్ల బాధ తగ్గించే వైద్యం మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసి, "రోగి ఏం కోరితే అదే చెయ్యాలి" అని దేశదేశాల సభల్లో బల్ల గుద్ది చెప్పిన ప్రొఫెసరమ్మ. తీరా ఆ పరిశోధన కోసమే తను పెరిగిన గోదావరిఖనికి వచ్చి, ఆసుపత్రి వరండాలో దిక్కుతోచక నిలబడింది.

పొద్దున జరిగింది ఇదీ. గట్టయ్య బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మనిషి. ఊపిరితిత్తులు పూర్తిగా పాడయ్యాయి. "ఊపిరాడకపోతే గొంతులో గొట్టం వేసి మిషన్ మీద పెట్టాలా, వద్దా?" అని భవ్య అడిగింది. ఆయన ఆక్సిజన్ మాస్కు జరిపి, "ఇగ దిగుత బిడ్డా" అన్నాడు. ఆయాసపడే మనిషిని ఇంకో ప్రశ్నతో వేధించడం ధర్మం కాదనుకుని ఆమె లేచి వచ్చేసింది. ధర్మమంటే ఆమెకు అంత పట్టింపు మరి!

మధ్యాహ్నానికి ఎగశ్వాస మొదలైంది. మనిషి మగతలోకి జారాడు. డ్యూటీ డాక్టరు గొట్టం సిద్ధం చేసుకుని, "మీతో ఏమన్నాడు మేడమ్?" అని అడిగాడు. ఆమె అన్న మాట అన్నట్టే చెప్పింది.

గట్టయ్య భార్య సమ్మవ్వ చప్పున లేచింది. "దిగుతనన్నడా? అయితే పెట్టుర్రి సారూ! బాయిల దిగుడంటే డ్యూటీకి పోవుడే గదా. కొట్లాడుతనంటున్నడు నా పెనిమిటి."

కొడుకు జగదీశ్వర్ తల అడ్డంగా ఊపాడు. అతను నేల పైనుంచే బొగ్గు తవ్వే ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ లారీ నడుపుతాడు. "గట్ల కాదవ్వా. డ్యూటీ దిగుడంటే అయిపోయినట్టే. ఇంక నాతోని కాదంటున్నడు బాపు. ఇడిసిపెట్టుర్రి."

"నీకేమెరుక? నువ్వు బండెక్కి డ్యూటీ ఎక్కుతవు. మీ బాపు బాయి దిగి డ్యూటీ ఎక్కేటోడు!"

ఇద్దరూ భవ్య వైపు తిరిగారు. ఆమెకు ఇద్దరి మాటా నిజమే అనిపించింది. కోస్తా నుంచి వచ్చిన ఇంజనీరు కూతురు, ఆఫీసర్ల కాలనీ పిల్ల, ఆమెకు ఈ ఎక్కుడు దిగుడు ఏం తెలుసు? ఒక అర్థం పట్టుకుంటే మనిషిని హింస పెట్టినట్టు, రెండోది పట్టుకుంటే చేజేతులా చంపినట్టు. ముందు ఆయాసం తగ్గే మందు ఎక్కించమని మాత్రం చెప్పగలిగింది.

మంచం దగ్గరికి వెళ్లి ఆయన చెయ్యి పట్టుకుంది. పొద్దుటిలా గట్టయ్యగారూ అనలేదు.

"కాకా, ఏడ దిగుతవు?"

గట్టయ్య కళ్లు కొద్దిగా తెరుచుకున్నాయి.

"మా ఇంటికాడనే... జర ఆపు బిడ్డా."

షేర్ ఆటోలో ఉన్నాననుకున్నాడో, అంతా తెలిసే అన్నాడో భవ్యకు అర్థం కాలేదు. మగతలో అన్న మాట చెల్లదని పాఠాలు చెప్పింది ఆమే. పొద్దున్నే ఈ చిన్న ప్రశ్న అడిగి ఉంటే ఎంత బాగుండేది! డాక్టరు మళ్లీ "మేడమ్?" అన్నాడు. ఆమె సమ్మవ్వ వైపు చూసింది.

సమ్మవ్వ ఏడుస్తూనే చెప్పులు తొడుక్కుంటోంది.

"గొట్టమద్దు బిడ్డా. జల్ది బండి పిలువుర్రి. ఇల్లు దాటిపోతే ఆయన మల్ల ఎనుకకు నడిచి రాలేడు."