సెకండుకు యాభై బొమ్మలు

ఎస్సెల్సీ రెండుసార్లు తప్పినవాడికి మా ఊరు కనకమ్మసత్రంలో మర్యాద ఎలా ఉంటుందో నన్నడగండి. మడికి నీళ్ళు కట్టడం కూడా చేతకాదని నాన్న నన్ను పొలం గట్టెక్కనిచ్చేవాడు కాదు. అది చూడలేక మా వనజాక్షక్క నన్ను తిరువళ్ళూరు తీసుకుపోయి తనింట్లో పెట్టుకుంది. బావ తణికాచలం రేడియోలు, టీవీలు బాగుచేసేవాడు. వీధి గదిలో అంగడి, వెనక ఇల్లు.

ఎనభై రెండులో బావ మద్రాసు బర్మా బజారు నుంచి ఒక ఆట పెట్టె తెచ్చాడు. టీవీకి తగిలిస్తే తెర మీద ఒక గోడ, ఒక బంతి, ఒక గీత. చేతిలో పిడి తిప్పితే గీత కదులుతుంది. గోడకు తగిలి వచ్చే బంతిని గీతతో మళ్ళీ కొట్టాలి. వదిలేస్తే ఆట పోయినట్టే.

"బంతి నిజంగా పరిగెత్తేది లేదురా ద్వారకా," అన్నాడు బావ. "ఈ పెట్టె సెకండుకు యాభై బొమ్మలు గీస్తాది. ఒక్కో బొమ్మకీ బంతి రవంత జరుగుతాది. పరిగెత్తినట్టు కనపడేది మన కండ్లకే."

మొదట్లో అందరిలాగే నాకూ బంతి చిక్కలేదు. ఆ తర్వాత ఎలా చిక్కిందో చిక్కింది, ఊళ్ళో నన్ను మించినవాడు లేకపోయాడు. నేను కూర్చునే ముందు బావ టీవీ వెనక చెయ్యి పెట్టి బొమ్మ సరిచేసేవాడు. ఇంకెవరికీ అంత శ్రద్ధ చూపేవాడు కాదు. సొంత బావమరిదిని గదా అనుకునేవాణ్ణి. పిడి పట్టుకుంటే బంతి నా కోసం ఆగి ఆగి వస్తున్నట్టుండేది. ఆట పట్టుబడడమంటే ఇదే కాబోలనుకున్నాను.

తిరుత్తణి నుంచి కూడా కుర్రాళ్ళు బస్సెక్కి వచ్చి నా వెనక నిలబడేవాళ్ళు. ఒకరోజు నాన్న వచ్చాడు. చాలాసేపు చూసి, పోతూ పోతూ నా భుజమ్మీద చెయ్యి వేశాడు. నాకు బుద్ధెరిగాక అదే మొదటిసారి.

అమావాస్యకు వీరరాఘవస్వామి దర్శనానికి వచ్చిన కేశవన్ అనే ఆయన అంగట్లో గుంపు చూసి ఆగాడు. ఆయనకు మద్రాసు మౌంట్ రోడ్డులో వీడియో ఆటల అంగడి ఉందట. నా ఆట అయ్యేదాకా నిలబడ్డాడు.

"తంబీ, వచ్చేవాళ్ళకి ఆడి చూపించే మనిషి నాకు కావాల. సోమవారం వచ్చి నా మిషను మీద ఆడు. ఇట్లే ఆడితే ఉద్యోగం నీది," అన్నాడు.

ఆ మాట ఆ రాత్రికే మా ఊరు చేరింది. బావ మాత్రం అన్నం ముందు తల వంచుకుని కూర్చున్నాడు.

"పోవద్దురా. ఆ మిషన్లు వేరే. ఈడే నాకు తోడుగా ఉండు."

అక్క ఆయన మొహం చూసి, నా మొహం చూసి లోపలికి పోయింది. నేను బాగుపడతానంటే ఈయనకెక్కడో కాలుతోందనుకున్నాను. సోమవారం తలకు నూనె రాసి దువ్వి ఎలక్ట్రిక్ రైలెక్కాను.

కేశవన్ మిషను మీదా అదే గోడ, అదే గీత. బంతి మాత్రం నా కోసం ఆగలేదు. నేను పిడి తిప్పేసరికే దాటిపోయింది. మళ్ళీ ఆడాను, మళ్ళీ పోయింది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. కేశవన్ నవ్వలేదు, అదే ఇంకా బాధ. "సరి తంబీ, పోయిట్టు వా," అన్నాడు. పోయి రమ్మని దాని అర్థం. మళ్ళీ రమ్మని మాత్రం కాదు. తల కొట్టేసినట్టయింది.

తిరిగొచ్చేసరికి అంగట్లో బావ లేడు. కసి కొద్దీ పెట్టె పెట్టి కూర్చున్నాను. ఇక్కడా బంతి మద్రాసులో లాగే దూసుకొచ్చింది. ఒకటీ అందలేదు. నా చేతులే పాడయ్యాయనుకుంటుండగా బావ లోపలికొచ్చాడు. నన్ను చూశాడు, అలవాటు కొద్దీ టీవీ వెనక చెయ్యి పెట్టాడు. బంతి నిదానించింది.

నేను పిడి వదిలేశాను.

"ఎంతకు తగ్గించినావు బావా?"

ఆయన చెయ్యి అక్కడే ఉండిపోయింది. "నలభై రెండు బొమ్మలకి. పెట్టె నుంచి తీగ లాగి ఈడ ఒక మర పెట్టినా. నువ్వు కూచునేటప్పుడు మాత్రమే తిప్పేది."

"ఎందుకు?"

"మీ యక్క ఏడ్సింది. వాడు దేంట్లోనూ గెలిచింది లేదు, ఒక్కదాంట్లోనన్నా గెలవనీండయ్యా అనింది. ఇంత దూరం పోతాదని నేను అనుకోలేదురా."

కొట్టాలనిపించింది. అక్కనూ, ఆయన్నూ, ఆ పెట్టెనూ. ఊరు నన్ను మొద్దు అంటే పడ్డాను, వీళ్ళ జాలి మాత్రం నాకు భరించరానిదైంది. నాన్న నా భుజమ్మీద చెయ్యి వేసింది ఆ ఎనిమిది బొమ్మల తేడా చూసి!

అంతలో వాకిట్లో చెప్పుల చప్పుడయింది. తిరుత్తణి కుర్రాళ్ళు. వాళ్ళ వెనక పంచె సర్దుకుంటూ మా నాన్న, ఉద్యోగం సంగతి తెలుసుకుందామని.

"అన్నా, ఒక ఆట ఆడి చూపించన్నా," అన్నాడొకడు.

బావ మర మళ్ళీ యాభైకి తిప్పి చెయ్యి తీసేయబోయాడు. నేను పిడి చేతిలోకి తీసుకున్నాను.

"బావా," అన్నాను, "ఎప్పటిలాగే బొమ్మ సరిచెయ్యి."